పౌలుస్ ఎందుకు కదల్లేదు: ఒక జర్మన్ ఫీల్డ్ మార్షల్, మూడు వేర్వేరు ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో స్టాలిన్‌గ్రాడ్‌లో సోవియట్ సైన్యానికి పట్టుబడిన జర్మన్ సైన్యాధిపతి పేరు చాలా పుస్తకాల్లో, వ్యాసాల్లో ‘ఫాన్ పౌలుస్’ అని కనిపిస్తుంది. అది తప్పు. అతని పేరు ఫ్రీడ్రిష్ పౌలుస్, అంతే. ‘ఫాన్’ ప్రభు వంశాల వాళ్ల పేర్లలో ఉండే ముక్క. పౌలుస్ తండ్రి హెస్సే ప్రాంతంలోని బ్రైటెనావ్‌లో ఒక దిద్దుబాటు గృహంలో లెక్కలు రాసే ఉద్యోగి. 1890 సెప్టెంబర్ 23న పుట్టిన కొడుకు మొదట నౌకాదళంలో చేరబోతే తీసుకోలేదు. మార్బుర్గ్‌లో కొన్నాళ్లు లా చదివి మానేసి, 1910లో రాష్టాట్‌లోని 111వ పదాతి రెజిమెంట్‌లో కేడెట్‌గా చేరాడు. 1912లో రొమేనియా ప్రభు కుటుంబపు అమ్మాయి ఎలెనా కాన్‌స్టాన్స్ రొసెట్టి-సొలెస్కును పెళ్లాడాడు. ఆ ‘ఫాన్’ని అతనికి అంటగట్టింది మాత్రం ఇతరులే.

పౌలుస్ గురించి మాట మొదలైతే ఎప్పుడూ ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది. సోవియట్ సైన్యం చుట్టుముట్టి తన సైనికులు రెండున్నర లక్షల మంది చిక్కుకుపోతే హిట్లర్ మాట తోసిపుచ్చి బయటపడలేదేం? పిరికివాడని ఒక జవాబు, ఆజ్ఞ మీరని జర్మన్ సైనికుడని మరో జవాబు సిద్ధంగా ఉంటాయి. నిజానికి అందులో ఉన్నది ఒక ప్రశ్న కాదు, మూడు. 1942 నవంబర్ చివరి వారంలో ఎందుకు బయటపడలేదు? డిసెంబర్ 19కీ 23కీ మధ్య, సాయం దగ్గరికి వచ్చినప్పుడు ఎందుకు బయటపడలేదు? 1943 జనవరిలో అంతా అయిపోయాక కూడా ఎందుకు లొంగిపోలేదు? వీటికి జవాబులు వేరు, పౌలుస్ తప్పు పాలూ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. నన్నడిగితే అన్నిటికంటే బరువైనది మూడోది. జనం ఎక్కువ మాట్లాడేది మొదటిదాని గురించి.

బల్ల దగ్గర ఎదిగినవాడు

ఈ మూడింటికీ వెనకాల అతని ఉద్యోగ చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో, బాల్కన్లలో పనిచేసి కెప్టెన్‌గా బయటికొచ్చాడు. వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యాన్ని లక్షమందికి, అందులో అధికారుల్ని 4,000కి కుదించింది. ఆ 4,000లో పౌలుస్‌కి చోటు దొరికింది. స్టుట్‌గార్ట్‌లోని 13వ పదాతి రెజిమెంట్‌లో కంపెనీ కమాండర్‌గా ఉన్నప్పుడు అదే రెజిమెంట్‌లో ఇంకో కంపెనీని నడిపినవాడు ఎర్విన్ రోమెల్. ఇద్దరి దారులూ అక్కడి నుంచే వేరయ్యాయి. రోమెల్ జనరల్ స్టాఫ్ గడప తొక్కలేదు, పౌలుస్ దాన్ని దాటి బయటికి రాలేదు.

జనరల్ స్టాఫ్ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. జర్మన్ సైన్యంలో ప్రతి దళాధిపతి పక్కనా ప్రత్యేక శిక్షణ పొందిన అధికారులుంటారు. ‘ఒకటి-ఎ’ అనే అధికారి దళాల కదలికలు చూస్తాడు, ‘ఒకటి-బి’ తిండి, ఇంధనం, మందుగుండు, ‘ఒకటి-సి’ శత్రువు సమాచారం. కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం) స్థాయి నుంచి పైన వీళ్లందరి మీదా ఒక చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఉంటాడు. అధిపతి నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయానికి ఎన్ని లారీలు, ఏ రోడ్డు, ఎన్ని గంటలు, ఎన్ని టన్నులు కావాలో చీఫ్ తేలుస్తాడు. పౌలుస్ దీంట్లో దిట్ట. 1934లో ఒక మోటారు బెటాలియన్‌ను నడపడమే అతను యుద్ధానికి ముందు చేసిన పెద్ద స్వతంత్ర కమాండ్. 1935లో ట్యాంకు దళాల కేంద్ర కార్యాలయంలో గుడేరియన్ ఖాళీ చేసిన చీఫ్ ఆఫ్ స్టాఫ్ కుర్చీలోకి వచ్చాడు. తరవాత గుడేరియన్ కిందే 16వ కోర్‌లో అదే పదవి చేశాడు. తెలివీ శ్రమా మెండు, నిర్ణయం తీసుకోవడంలో గట్టిదనం తక్కువ, దళాల్ని నడిపిన అనుభవం లేదన్నది గుడేరియన్ అంచనా.

1939 ఆగస్టులో పదో ఆర్మీకి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యాడు. పోలండ్ యుద్ధం తరవాత దాని పేరే ఆరో ఆర్మీగా మారింది. అధిపతి వాల్టర్ ఫాన్ రైషెనావ్, కాగితాలంటే గిట్టని మనిషి, ఎప్పుడూ ముందు వరసల్లో తిరిగే రకం. ఆయన తెగింపుకు పౌలుస్ లెక్క తోడైంది. ఆ జంట పోలండ్‌లో, బెల్జియంలో బాగా కుదిరింది. సరిగ్గా ఆ జంటే తరవాత లేకుండా పోయింది.

1940 సెప్టెంబర్‌లో పౌలుస్ సైన్య ప్రధాన కార్యాలయంలో జనరల్ స్టాఫ్ అధిపతి హాల్డర్ కింద ఉప అధిపతిగా చేరాడు. రష్యా దండయాత్ర పథకాన్ని అచ్చమైన ప్రణాళికగా మలిచే పని అతని చేతికొచ్చింది. ఆ ఏడాది చివర్లో బల్లల మీద, పటాల మీద యుద్ధాన్ని ఆడి చూశారు. సరిహద్దు దాటి లోపలికి వెళ్లేకొద్దీ ముందు వరస గరాటులా వెడల్పవుతుంది, దళాలు పల్చబడతాయి, రైలు పట్టాల కొలత వేరు కాబట్టి సరఫరా వెనకబడుతుంది. ఇవన్నీ ఆ ఆటలోనే బయటపడ్డాయి. అయినా పథకం ఆగలేదు, పౌలుస్ కూడా అడ్డం పడలేదు. మరీ అమాయకుడిగా చూపించే కథనాలు ఈ సంగతిని దాటేస్తాయి. వోల్గా ఒడ్డున అతని సైన్యాన్ని తినేసిన లెక్కలు అతను ముందే చూసినవే.

హోదాల మాట కూడా ఒకటి. జర్మన్ సైన్యంలో బ్రిగేడియర్ లేడు. అక్కడి మేజర్ జనరల్ మన బ్రిగేడియర్‌కి సమానం, లెఫ్టినెంట్ జనరల్ మన మేజర్ జనరల్‌కి. ఆపైన ‘పాన్‌జర్ (ట్యాంకు) దళాల జనరల్’ వంటి పూర్తి జనరల్, కర్నల్ జనరల్, చివరికి ఫీల్డ్ మార్షల్. పౌలుస్ 1939లో మేజర్ జనరల్, 1942 జనవరి 1న పాన్‌జర్ దళాల జనరల్. నాలుగు రోజుల తరవాత ఆరో ఆర్మీ అధిపతి. రెజిమెంట్, డివిజన్, కోర్ ఏదీ నడపకుండా బెటాలియన్ నుంచి నేరుగా ఆర్మీకి వచ్చాడు. రైషెనావ్ ఒక మెట్టు పైనే ఉండి చూసుకుంటాడన్నది ఆ నియామకం వెనక ఊహ. ఆయన ఆ జనవరి 17నే పక్షవాతంతో చనిపోయాడు.

ఆరో ఆర్మీకి అప్పటికే నల్లటి చరిత్ర ఉంది. 1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో కీవ్ పక్క బాబి యార్ లోయలో 33,771 మంది యూదుల్ని చంపినప్పుడు ఆ ప్రాంతం ఈ సైన్యం అధీనంలోనే ఉంది. అక్టోబర్ 10న అలాంటి హత్యల్ని సమర్థిస్తూ రైషెనావ్ ఇచ్చిన ఆదేశాన్ని పౌలుస్ రద్దు చేశాడంటారు. చేసి ఉండొచ్చు. దాంతో ఆ సైన్యం కడిగిన ముత్యం కాదు.

1942 మేలో సోవియట్ సైన్యం ఖార్కోవ్ మీదికి వచ్చినప్పుడు పౌలుస్ కంగారుపడ్డాడు. పైవాళ్లు నిలబడమన్నారు, పక్క నుంచి ఎదురుదాడి చేశారు, పెద్ద గెలుపు దక్కింది. ఆగస్టులో నైట్స్ క్రాస్ పతకం వచ్చింది. పరిస్థితి పాడుగా కనిపించినా పైవాడికి మనకంటే ఎక్కువ తెలుసు, నిలబడితే దారి దొరుకుతుందన్న నమ్మకం అతనికి ఇక్కడే కుదిరిందని నా లెక్క. ఆరు నెలల తరవాత దాని ఖరీదు కట్టాల్సి వచ్చింది.

నవంబర్: గుర్రాల్లేని సైన్యం

ఆగస్టు 23న ఆరో ఆర్మీ ముందు దళాలు స్టాలిన్‌గ్రాడ్‌కి ఉత్తరాన వోల్గాను తాకాయి. సెప్టెంబర్ నుంచి చుయ్‌కోవ్ నడిపిన సోవియట్ 62వ ఆర్మీతో వీధి వీధికీ పోరు. మంచి డివిజన్లన్నీ నగరంలో అరిగిపోతుంటే పక్కల్ని జర్మనీకి తోడొచ్చిన రొమేనియా దళాలు కాశాయి. వాళ్ల దగ్గర ట్యాంకుల్ని ఆపే ఫిరంగులు బహు తక్కువ. నవంబర్ 19న సోవియట్లు వాయవ్యం నుంచి, 20న దక్షిణం నుంచి ఆ పక్కల్నే చీల్చుకొచ్చారు. 23న రెండు కొసలూ కలాచ్ దగ్గర కలిశాయి.

పౌలుస్ 21న తన ప్రధాన కార్యాలయం మీదికి ట్యాంకులు వస్తుంటే వలయం బయట నీజ్నె-చిర్‌స్కాయాకు ఎగిరిపోయాడు. హిట్లర్ తిరిగి వెళ్లమంటే 22న లోపలికి, గుమ్రాక్‌కి వచ్చాడు. ఆ సాయంత్రమే కబురు పంపాడు: ఇంధనం త్వరలో అయిపోతుంది, తిండి ఆరు రోజులకు ఉంది, అవసరమైతే బయటపడే స్వేచ్ఛ ఇవ్వండి. 23న పైనున్న ఆర్మీ గ్రూప్ అధిపతి వైక్స్ కూడా బయటపడాలనే అన్నాడు. కాబట్టి పౌలుస్ అడగలేదన్న మాట నిజం కాదు, అడిగాడు. 24 ఉదయం హిట్లర్ జవాబు వచ్చింది: నిలబడండి, విమానాల్లో సరుకు వస్తుంది. ఆ రోజే కొత్త ఆర్మీ గ్రూప్ అధిపతిగా మాన్‌స్టైన్ రంగంలోకి వచ్చాడు. తరవాతి రోజుల్లో పౌలుస్‌ను తప్పుపట్టిన ఆ మాన్‌స్టైనే అప్పుడు వెంటనే బయటపడమని పట్టుబట్టలేదు. విమాన సరఫరా సాగుతుందంటే బయటి సాయం కోసం ఆగడమే మేలన్నాడు. యుద్ధరంగంలో అతి చురుకైన బుర్ర అని పేరున్నవాడే ఆ మాటంటే లోపలున్నవాడు ఎదురు తిరుగుతాడనుకోవడం అత్యాశే.

పౌలుస్ కిందివాళ్లలో 51వ కోర్ అధిపతి జైడ్లిట్స్ మాత్రం ఆజ్ఞ వచ్చినా రాకపోయినా కదలాలన్నాడు, 25న రాతపూర్వకంగా కూడా ఇచ్చాడు. అంతకుముందే తన 94వ డివిజన్‌ను సొంతంగా వెనక్కి లాగి, సరుకులు తగలబెట్టించాడు. కందకాలు వదిలి బయటికొచ్చిన ఆ డివిజన్ బయలు నేల మీద చిక్కి ఛిన్నాభిన్నమైంది. వింతేమిటంటే ఎవరు చేశారో తెలియని హిట్లర్ వలయం ఈశాన్య భాగాన్ని గట్టిగా పట్టుకుంటాడన్న నమ్మకంతో జైడ్లిట్స్‌కే అప్పగించాడు.

మరి బయటపడాలనే అనుకుంటే? నైరుతికి తిరగాలి. బరువైన ఫిరంగులన్నీ తూర్పుకి, ఉత్తరానికి తిరిగి ఉన్నాయి. వాటిని లాగేది ఎక్కువగా గుర్రాలు. జర్మన్ సైన్యం పేరుకే యంత్రాల సైన్యం, పదాతి డివిజన్ల ఫిరంగులు, బండ్లు గుర్రాల మీదే నడిచేవి. వోల్గా వైపు గడ్డీ దాణా దొరక్క శరత్కాలంలోనే గుర్రాల్లో ఎక్కువ భాగాన్ని డాన్ నది అవతలి మేతకు పంపేశారు. చుట్టివేత పూర్తయ్యేసరికి అవి వలయం బయట, ఫిరంగులు లోపల. సరఫరా కోణం నుంచి తెలివైన పనే అది. అన్ని గుర్రాల దాణా రవాణా ఆదా అయింది. యుద్ధం కోణం నుంచి మాత్రం కాళ్లు విరగ్గొట్టుకున్నట్టయింది. అయినా 24, 25 తేదీల్లో నైరుతి వలయం ఇంకా పల్చగానే ఉంది. ఫిరంగులు, వేలమంది గాయపడ్డవాళ్లను వదులుకుని సైన్యంలో పెద్ద భాగం బయటపడే వీలు ఉండేదనే చాలామంది చరిత్రకారుల మాట. నెలాఖరుకు అది మూసుకుపోయింది. పౌలుస్ దగ్గరున్నది ఏ నాలుగైదు రోజులో. ఆ నాలుగైదు రోజుల్లో ఎదిరించమని తోసే మనిషి పక్కన లేడు. అతని చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆర్తుర్ ష్మిట్ మొండి మనిషి, ఆ మొండితనమంతా ఆజ్ఞ పాటించే వైపే. రైషెనావ్ కుర్చీలో లెక్కల మనిషి, అతని పాత కుర్చీలో నిలబడి తీరాలనే మనిషి. జంట తలకిందులైంది.

విమానాల లెక్క ఎక్కడ తప్పింది

వాయుసేన సర్వాధిపతి గోరింగ్ గొప్పలు పోయాడు, హిట్లర్ నమ్మాడు అన్నది అందరూ చెప్పే కథ. కథ అంత తేలిక కాదు. మొదట సరే అన్నది గోరింగ్ కాదు. వాయుసేన స్టాఫ్ అధిపతి యెషోనెక్ నవంబర్ 20న బెర్ష్‌టెస్‌గాడెన్‌లో, చుట్టివేత ఇంకా పూర్తి కాకముందే, తగినన్ని విమానాలుంటే తాత్కాలికంగా సరఫరా చెయ్యొచ్చన్నాడు. ‘తాత్కాలికంగా’ అన్న మాట తరవాత జారిపోయింది. పైగా ఒక పాత గెలుపు అందరి బుర్రల్లో ఉంది. 1942 ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరాన డెమ్యాన్‌స్క్‌లో చిక్కుకున్న సుమారు లక్షమందిని విమానాలతోనే బతికించారు. అక్కడ రోజుకు 300 టన్నులు చాలింది, దూరం తక్కువ, సోవియట్ యుద్ధ విమానాలు అంత బలంగా లేవు.

ఇక్కడ లోపల రెండున్నర లక్షల పైచిలుకు మంది. ఆరో ఆర్మీ మొదట అడిగింది రోజుకు 750 టన్నులు, తరవాత కనీసం 500కి దిగింది. వాయుసేన రవాణా అధికారుల లెక్కలో 350 అందితే గొప్ప. గోరింగ్ 500 అన్నాడు.

500 టన్నుల్ని విప్పి చూద్దాం. ప్రధాన రవాణా విమానం యుంకర్స్ 52 ఒక్కసారికి మోసేది సుమారు రెండు టన్నులు. అంటే రోజుకు 250 సార్లు దిగాలి. డిసెంబర్‌లో అక్కడ పగలు ఎనిమిది గంటలే. మంచు, పొగమంచు, రెక్కల మీద పేరుకునే గడ్డ. చలికి ఇంజిన్లు స్టార్ట్ కావు, వేడి గాలి ఊదాలి, మరమ్మతు షెడ్లు లేవు. దాంతో ఉన్న విమానాల్లో రోజుకు ఎగరగలిగేది మూడో వంతు. 250 ఎగరాలంటే 750 ఉండాలి. వాయుసేన దగ్గర ఉన్న యుంకర్స్ 52లు మొత్తం సుమారు అన్నే. వాటిలో వందలు అప్పటికే ట్యునీషియాకు దళాల్ని మోస్తున్నాయి, ఎందుకంటే నవంబర్ 8న మిత్రపక్షాలు ఉత్తర ఆఫ్రికాలో దిగాయి. లోటు పూడ్చడానికి హైంకెల్ 111 బాంబర్లను సరుకు బండ్లు చేశారు. శిక్షణ బడుల్లో విమానాల్నీ, బోధకుల్నీ కూడా లాక్కొచ్చారు. ఆ దెబ్బ మరో రెండేళ్లు వాయుసేనను వెంటాడింది.

అసలు ఇంకో మోసం డబ్బాల్లో ఉంది. జారవిడిచే సరుకు డబ్బాలకు ‘250 కిలోలు’, ‘1000 కిలోలు’ అని పేర్లుండేవి. అవి ఏ బాంబు స్థానంలో వేలాడతాయో చెప్పే పేర్లు, పట్టే బరువు కాదు. వెయ్యి కిలోల డబ్బా పట్టేది దాంట్లో సుమారు మూడింట రెండు వంతులు. మొదటి అంచనాల్లో ఈ తేడా పట్టించుకోలేదు. యెషోనెక్ తరవాత తెలుసుకుని సవరించబోయాడు, ఆలస్యమైపోయింది. అక్కడి వాయుసేన అధిపతులు రిష్ట్‌హోఫెన్, ఫీబిష్ మొదటి రోజుల నుంచే సాధ్యం కాదంటున్నారు. ఫీబిష్ 21న ష్మిట్‌తో నేరుగా ఫోన్‌లోనే చెప్పాడు. సైన్య స్టాఫ్ అధిపతి సైట్స్‌లర్ హిట్లర్ ఎదుటే గోరింగ్‌తో గొడవపడ్డాడు. హెచ్చరికలకు కొదవ లేదన్నమాట.

చివరికి అందిందెంత? మొత్తం సుమారు 8,350 టన్నులు, సగటున రోజుకు 120 లోపు. మంచి రోజుల్లో ఒకటి డిసెంబర్ 19, ఆ రోజు 289. తలకు అరకిలో తిండి అనుకున్నా రెండున్నర లక్షల మందికి 125 టన్నులు కావాలి. అంటే ఫిరంగి గుండ్లు, పెట్రోలు అసలు పంపకపోయినా తిండికే చాలదు. డిసెంబర్ మొదట్లో మనిషికి రోజుకు 200 గ్రాములున్న రొట్టె జనవరికి వంద లోపుకి దిగింది. గాయం లేకుండా చనిపోతున్న సైనికుల శవాల్ని కోసి చూడ్డానికి డిసెంబర్‌లో ఒక వైద్య నిపుణుణ్ని విమానంలో లోపలికి పంపారు. చాలా శవాల్లో బయటపడింది ఆకలే.

లోపల రాత్రిపూట దిగడానికి వసతి ఉన్న విమానాశ్రయం పితోమ్నిక్ ఒక్కటే. బయట ప్రధాన స్థావరం తత్సిన్‌స్కాయాను డిసెంబర్ 24న సోవియట్ ట్యాంకులు ముంచెత్తాయి. పొగమంచులో వందకు పైగా విమానాలు ఎగిరి తప్పించుకున్నాయి, డెబ్బైకి పైగా నేల మీదే పోయాయి. తరవాతి స్థావరాలు మరింత దూరం, అంటే మోసే పెట్రోలు ఎక్కువ, సరుకు తక్కువ. జనవరి 16న పితోమ్నిక్, ఆ తరవాత వారం లోపే గుమ్రాక్ పోయాయి. ఇక మిగిలింది డబ్బాలు జారవిడవడమే. ఆకలితో ఉన్న మనుషులు మంచులో వాటిని వెతుక్కుంటూ తిరిగేవారు. మొత్తం మీద జర్మన్లు పోగొట్టుకున్న విమానాలు 488 అని లెక్క.

డిసెంబర్: 48 కిలోమీటర్లు

డిసెంబర్ 12న మాన్‌స్టైన్ ఆజ్ఞతో జనరల్ హోత్ దళాలు నైరుతి నుంచి వలయం వైపు బయల్దేరాయి. వాటి వెనక లోపలివాళ్ల కోసం 3,000 టన్నుల సరుకు లారీల్లో. 19న మిష్కోవా నది చేరేసరికి వలయానికి మిగిలిన దూరం సుమారు 48 కిలోమీటర్లు. లోపల పౌలుస్ దగ్గర నడిచే ట్యాంకులు డెబ్బై చిల్లర, వాటిలో పెట్రోలు ముప్పై కిలోమీటర్లకు.

ఇక్కడ రెండు సంకేత పదాలు తెలియకపోతే కథ అర్థం కాదు. ‘శీతల తుఫాను’ అంటే నగరాన్ని పట్టుకునే ఉండి, ఒక దారి తెరిచి సరుకు లారీలు తెచ్చుకోవడం. ‘పిడుగుపాటు’ అంటే నగరం వదిలేసి సైన్యం మొత్తం బయటికి రావడం. హిట్లర్ మొదటిదానికే ఒప్పుకున్నాడు. 19 సాయంత్రం మాన్‌స్టైన్ పంపిన ఆజ్ఞలో కూడా మొదటిది త్వరగా మొదలుపెట్టు, రెండోదానికి సిద్ధంగా ఉండు, అది నా ప్రత్యేక సంకేతం మీదే అని ఉంది. ఆ సంకేతం ఎన్నడూ రాలేదు.

పౌలుస్ వాదన: ముందు పెట్రోలు ఇవ్వండి. నగరాన్నీ పట్టుకుని, దారీ తెరవాలంటే దళాలు చాలవు. ఒకసారి బలగాన్ని నైరుతికి మళ్లిస్తే మిగతా అంచులు విరిగిపోతాయి, కాబట్టి ఆచరణలో మొదటిదే రెండోదవుతుంది. సైనికంగా తప్పు పట్టలేని వాదన. మాన్‌స్టైన్ మాత్రం పిడుగుపాటు ఆజ్ఞను తన పేరున ఇవ్వకుండా, పౌలుస్ తనంతట తాను కదలాలని ఆశించాడు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూస్తుండగానే సోవియట్లు 16న మొదలుపెట్టిన ఇంకో దాడి ఇటలీ ఎనిమిదో ఆర్మీని చిత్తు చేసింది, మాన్‌స్టైన్ సొంత వెనకభాగానికే ముప్పు వచ్చింది. 23న ఆరో పాన్‌జర్ డివిజన్‌ను హోత్ నుంచి లాగేశారు. యుద్ధం తరవాత మాన్‌స్టైన్ తన జ్ఞాపకాల్లో బరువునంతా హిట్లర్, గోరింగ్, పౌలుస్‌ల మధ్య పంచాడు. అందులో తన వాటా మాత్రం పెద్దగా కనిపించదు.

నెల రోజుల ఆకలి తరవాత ఆ దళాలు మంచులో యాభై కిలోమీటర్లు నడిచి పోరాడగలిగేవా? కొన్ని వేలమంది చేరేవారేమో. సైన్యంగా చేరేది కాదు.

జనవరి: ఎవరికోసం

జనవరి 8న సోవియట్ అధిపతులు రోకొసోవ్‌స్కీ, వొరొనోవ్ లొంగుబాటు షరతులు పంపారు: తిండి, వైద్యం, హోదా చిహ్నాలు, పతకాలు ఉంచుకోవచ్చు. 9వ తేదీ ఉదయం పదింటికల్లా జవాబు. పౌలుస్ నిరాకరించాడు. 10న చివరి దాడి మొదలైంది.

నిరాకరించడానికి ఒక కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. ఏడు సోవియట్ ఆర్మీలు ఈ వలయం చుట్టూ చిక్కుకుని ఉన్నాయి. అదే సమయంలో కాకసస్ నుంచి జర్మన్ దళాలు రోస్తోవ్ మీదుగా వెనక్కి వస్తున్నాయి. వలయం కూలితే ఆ ఏడు ఆర్మీలూ అటు మళ్లుతాయి. ఈ వాదన జనవరి మధ్య దాకా నిలబడుతుంది. విమానాశ్రయాలు పోయాక, 26న వలయం రెండు ముక్కలయ్యాక నిలబడదు. పౌలుస్‌కీ అది తెలుసు. 24న గాయపడ్డవాళ్లు 18,000 మంది, కట్లూ మందులూ లేవు, లొంగిపోవడానికి అనుమతివ్వండి అని అడిగాడు. వద్దన్నారు, ఆగిపోయాడు. పైవాళ్లకు మొత్తం యుద్ధపటం తెలుసు, నాకు తెలియదు అన్నది అతను జీవితాంతం చెప్పిన సమాధానం. నవంబర్‌లో అది సరే. జనవరి ఆఖరుకు చూడాల్సిన పటమంతా అతని కళ్ల ముందే నేలమాళిగల్లో పడి ఉంది. చివరి రోజుల్లో గాయపడ్డవాళ్లకు రొట్టె ఆపేసి పోరాడేవాళ్లకే ఇచ్చారు. 29న నాజీ పాలన పదో వార్షికోత్సవానికి ఆరో ఆర్మీ పేరున హిట్లర్‌కు శుభాకాంక్షల సందేశం కూడా వెళ్లింది.

30న ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చింది. జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవరూ ఇంతదాకా పట్టుబడలేదు, కాబట్టి కాల్చుకో అన్నది దానిలోని సూచన. పౌలుస్ కాల్చుకోలేదు. 31 ఉదయం ఊనివెర్‌మాగ్ అనే పెద్ద దుకాణం నేలమాళిగలో పట్టుబడ్డాడు. మాటలు నడిపింది ష్మిట్, 71వ డివిజన్ అధిపతి రోస్కె. తాను ఇక కమాండ్‌లో లేనని, పక్క గదిలో పౌలుస్ అన్నాడు. ఉత్తరాన ఇంకా పోరాడుతున్న ష్ట్రెకర్ దళాలకు లొంగిపొమ్మని ఆజ్ఞ ఇమ్మంటే, ఖైదీకి ఆ అధికారం లేదన్నాడు. వాళ్లు ఫిబ్రవరి 2న తామే లొంగిపోయారు. ఈ చిట్టచివరి నిరాకరణ నాకు నవంబర్‌లో కదలకపోవడం కంటే ఎక్కువ కష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ అతనికి పోయేదేమీ లేదు.

హిట్లర్ కోపంతో ఈ యుద్ధంలో ఇంకెవరికీ ఫీల్డ్ మార్షల్ ఇవ్వనన్నాడు. ఆ ఫిబ్రవరి 1నే క్లైస్ట్, వైక్స్, బుష్ ముగ్గురికీ ఆ హోదా దక్కింది.

పట్టుబడ్డవాళ్లు సుమారు 91,000. అప్పటికే ఆకలితో ఎండిపోయినవాళ్లలో టైఫస్ వచ్చి మొదటి నెలల్లోనే అధికభాగం పోయారు. ఇంటికి తిరిగొచ్చినవాళ్లు ఐదారు వేలు, చివరివాళ్లు 1955లో. జనరల్స్‌ను వేరే శిబిరాల్లో ఉంచారు, అక్కడ తిండికి లోటు లేదు.

తరవాతి పద్నాలుగేళ్లు

1943లో జైడ్లిట్స్ మొదలుపెట్టిన హిట్లర్ వ్యతిరేక జర్మన్ అధికారుల సంఘాన్ని పౌలుస్ మొదట ఖండించాడు. 1944 జూలై 20న హిట్లర్ మీద హత్యాయత్నం విఫలమై, ఆ కుట్రలో ఉన్న ఫీల్డ్ మార్షల్ విట్స్‌లేబెన్‌ను ఆగస్టు 8న ఉరి తీశాక, అదే రోజు మాస్కో రేడియోలో హిట్లర్‌కు వ్యతిరేకంగా మాట్లాడాడు. దానికి జర్మనీలో ఉన్న కుటుంబం మూల్యం చెల్లించింది. భార్యను, పెద్దలైన పిల్లల్ని నిర్బంధించారు. కవల కొడుకుల్లో ఒకడు అప్పటికే ఆ ఫిబ్రవరిలో ఇటలీలోని అన్‌జియోలో చనిపోయాడు. ఎలెనా 1949లో బాడెన్-బాడెన్‌లో చనిపోయింది, భర్తను మళ్లీ చూడలేదు.

1946 ఫిబ్రవరి 11న నాజీ నేతల్ని విచారిస్తున్న నూరెంబర్గ్ కోర్టులో సోవియట్ పక్షం సాక్షిగా పౌలుస్ హఠాత్తుగా ప్రత్యక్షమయ్యాడు. చెప్పింది స్టాలిన్‌గ్రాడ్ గురించి కాదు, 1940 శరత్కాలంలో తన బల్ల మీద తయారైన పథకం గురించి. రష్యా మీద దాడి ఆత్మరక్షణ కాదు, ముందే రాసి పెట్టుకున్నదని దాన్ని రాసినవాడే చెప్పడం ప్రతివాదుల వకీళ్లకు మింగుడు పడలేదు. తాను ఆ పథకంలో భాగస్థుణ్నేనన్న సంగతి దాటేయలేదు కానీ, ప్రధాన దోషులెవరంటే హిట్లర్ సైనిక సలహాదారులు కైటెల్, యోడ్ల్, వాళ్లతోపాటు గోరింగ్ పేర్లు చెప్పాడు.

1953 అక్టోబర్‌లో విడుదలై తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్నాడు. అక్కడి కొత్త సాయుధ దళాలకు యుద్ధ చరిత్ర మీద ఉపన్యాసాలు ఇచ్చాడు, స్టాలిన్‌గ్రాడ్ మీద తన వివరణ రాసుకున్నాడు, కండరాలు క్షీణించే జబ్బుతో 1957 ఫిబ్రవరి 1న చనిపోయాడు.

ఈ విషయం లోతుగా చదవాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. జ్ఞాపకాలు రాసిన ప్రతి జనరల్‌కూ తనదైన వాదం ఉంది: మాన్‌స్టైన్‌ది ఒకటి, సైట్స్‌లర్‌ది ఒకటి. పౌలుస్ రాతల మీద సోవియట్, తూర్పు జర్మనీ నీడ ఉంది. వాటికంటే నమ్మదగినవి ఆ రోజుల్లోనే నమోదైన కాగితాలు: నవంబర్ 22, 23 రేడియో సందేశాలు, జైడ్లిట్స్ 25 నాటి పత్రం, డిసెంబర్ 19 ఆజ్ఞ, ఆ తరవాత మాన్‌స్టైన్‌కీ పౌలుస్‌కీ మధ్య టెలిప్రింటర్ మీద సాగిన సంభాషణలు, వాయుసేన రోజువారీ టన్నుల పట్టికలు. తేదీల వరసన పక్కపక్కన పెట్టి చదివితే ఎవరు ఏ రోజున ఏం తెలిసి ఏ మాటన్నారో తేలుతుంది.